మూడో జల్లెడ

జూలై 2

ఆ దగ్గు ఏమిటో నాకు ఎప్పుడు తెలిసింది? మామ బతికుండగానా, పోయినాకనా?

ఆరేళ్ళుగా ఈ ప్రశ్న నాతోపాటు ఆదోనిలో బస్సు ఎక్కి ఎమ్మిగనూరులో దిగుతోంది. పద్నాలుగో గ్రూపు మూలకాల పాఠం వచ్చే రోజుల్లో పక్క సీట్లోనే కూచుంటుంది. ఈరోజు ఆ పాఠమే చెప్పినాను. ఇసుక, పలుగురాయి, గాజు, అన్నీ సిలికానే అని బోర్డు మీద రాసి, చేతికి అంటిన సుద్దపొడి ఊదుకున్నాను. ఊదుకున్నాక పిల్లలంతా నన్నే చూస్తున్నారనిపించింది. వాళ్ళు గంట ఎప్పుడు కొడతారా అని చూస్తున్నారు, అంతే.

డైరీ మళ్ళీ తీయడానికి కారణం అది కాదు. మా షెడ్డులో ఇసుక జల్లించే ఉరుకుందక్క దగ్గుతోంది.

జూలై 3

వానాకాలం. అందరికీ దగ్గులే.

జూలై 7

ఆదివారం. ఇంటి వెనక, ఇనుముకు తుప్పు వదిలించే మా షెడ్డులో ఒక మూల స్టూలు వేసుకుని, కొత్తగా వచ్చినదానిలా అంతా చూసినాను.

మా ఆయన తాహెర్ హెల్మెట్ ముసుగు తగిలించుకుని కంప్రెసర్ ఆన్ చేసినాడు. గొట్టంలోంచి గాలితో కలిసి ఇసుక బుస్సుమని వచ్చి ఇనుము మీద పడింది. జిన్నింగు మిల్లు వాళ్ళ పాత మిషను పలక. తుప్పు, దాని మీది రంగు, ఆ రంగు కింది ఇంకో రంగు లేచిపోయి లోపలి బూడిద రంగు లోహం బయటికొచ్చింది. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నా ఆ క్షణం నాకు ఇష్టమే. రాయకపోతే అబద్ధమవుతుంది.

కొట్టిన ఇసుక కింద పరిచిన టార్పాలిన్ మీద పడుతుంది. పలుగురాళ్ళు పగలగొట్టి చేసిన ఇసుక. మూడు నాలుగు సార్లు కొడితే గింజలు పగిలి పదును పోతుంది. మామ కాలంలో ఒకసారి కొట్టి వెనక గుంతలో పారబోసేవాళ్ళు. పారబోయడం ఎందుకు, జల్లిస్తే మళ్ళీ పనికొస్తుంది కదా అన్నది నేను. కొత్త కోడలిని, ఎమ్మెస్సీ చదివిన కోడలిని. మామ ఎంత మురిసిపోయినాడో. గ్రిల్లులు తెచ్చినవాళ్ళను ఆపి మరీ చెప్పేవాడు: "మా కోడలు కెమిస్ట్రీ." పెద్ద జల్లెడలో రంగు పెచ్చులు, తుప్పు ముక్కలు ఆగిపోతాయి. చిన్న జల్లెడలో మంచి ఇసుక ఆగి, పొడి కింద పడుతుంది. చేతనైనన్నాళ్ళు మామే జల్లించినాడు. చేతకాని రోజున, అంటే ఏడేళ్ళ కిందట, ఉరుకుందక్క వచ్చింది. కోసిగి నుంచి వచ్చి మా వీధి చివర గుడిసె వేసుకున్నారు ఆమె, మొగుడు మాదన్న. ఏటా సుగ్గికి, ఊరు విడిచి వలస కూలికి, పోయి పోయి విసుగొచ్చింది, నీడపట్టున పనుంటే ఇప్పించమనింది. మామ వదిలిన జల్లెడ ఆమె పట్టుకుంది.

రెండు జల్లెడలు పట్టినా సన్నపొడి ఇసుకకు అంటుకునే ఉండేది. ఆమె ఒకరోజు గుడిసెలోంచి చేట తెచ్చింది. పెరట్లో గాలికి వీపు పెట్టి, చేట తలకన్నా పైకెత్తి, కొర్రలు తూర్పారబట్టినట్టు ఇసుకను సన్నగా జారవిడిచింది. బరువైనది కాళ్ళ దగ్గర కుప్పగా పడింది. తేలికైనది పొగలాగా గాలిలో పోయింది.

"జల్లెడ కంటికి అగుపడేదే పడతాదమ్మా. అగుపడందాన్ని గాలే పట్టల్ల. ఇది మూడో జల్లెడ."

నేను చప్పట్లు కొట్టడమొకటే తక్కువ. ల్యాబులో అంత శుభ్రంగా వేరు చేయలేం. అప్పటికప్పుడు చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి షెడ్డు గోడకు అంటించినాను. ఒకటి, పెద్ద జల్లెడ. రెండు, చిన్న జల్లెడ. మూడు, చేట.

మామ మంచం అప్పట్లో పెరట్లోనే ఉండేది.

జూలై 9

"ఎన్నాళ్ళ నుంచి అక్కా ఈ దగ్గు?"

"మాదన్నను చేసుకున్న కాడ్నుంచి" అని నవ్వింది. నవ్వు దగ్గులోకి జారిపోయింది. గోడ పట్టుకుని నిలబడింది. ఆగినాక మళ్ళీ నవ్వడానికి చూసింది.

"నేనిచ్చిన మాస్కులేవి?"

"మనవరాండ్లు బొమ్మలకు కట్టినారు. నాకెందుకమ్మా ముసుగు, నేనేమన్నా గొట్టం పడతానా? గాలికి ఈపు పెడతాండా కదా, నా మీదికి యాడొస్తాది దుమ్ము?"

కనురెప్పల మీద తెల్లగా పేరుకుని ఉంది. కొంగుతో తుడుచుకుని చేట ఎత్తింది.

జూలై 15

సెలవు పెట్టి ఆమెను ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాను. మంచి మనిషి, ఓపికగా చూసినాడు.

"ఏం పని చేస్తావమ్మా?"

"కూలి పని సారూ. సేన్లోకి పోతా. కలుపు తీస్తా, పత్తి ఇడుస్తా."

నేను పక్కనే ఉన్నాను. మాట్లాడే సందు దొరకలేదు. వెనక చాలామంది ఉన్నారు.

ఎక్స్‌రేలో మచ్చలు కనిపించినాయి. టీబీ లాగుంది, కళ్ళె పరీక్ష చేయిద్దాం, ఈలోగా మందులు మొదలుపెడదాం అన్నాడు. ఆరు నెలలు మానకుండా వేసుకోవాలట.

జూలై 16

టీబీ అయితే నయమవుతుంది. ఆరు నెలలు. టీబీ అయితే నయమవుతుంది.

జూలై 17

సందు దొరకలేదని రాసినాను. దొరికింది. డాక్టరు తల తిప్పి నన్నే అడిగినాడు, "మీరేమవుతారమ్మా ఈమెకు?" అని.

"మా వీధిలో ఉంటుందండీ" అన్నాను.

అది కూడా నిజమే.

వచ్చేటప్పుడు ఆటోలో అడిగినాను, ఎందుకట్లా చెప్పినావక్కా అని. ఆమె బయటికి చూస్తూ అనింది: "ఉన్నదున్నట్టు సెప్తే రేపు ఎవరో ఒగ ఆఫీసరు జీపేసుకోనొచ్చి మీ షెడ్డుకు తాళమేస్తాడు. అప్పుడు తాహెరన్న యాడికి పోవల్ల, నేను యాడికి పోవల్ల? టీబీ ఎవురికి రాలేదు సెప్పు. మా సిన్నాయన నాలుగు నెల్లు మింగినాడు మాత్రలు, ఇప్పుడు మూట మోస్తాండాడు."

ఆమె చెప్పిన అబద్ధం నా కోసమూ చెప్పింది. నేను దాని కింద కూచున్నాను, నీడలో కూచున్నట్టు.

జూలై 28

ఈరోజు పనికి వచ్చింది. మాత్రలు మొదలై పదమూడు రోజులు. బాగుందనింది.

బాగుంది.

ఆగస్టు 3

తాహెర్‌తో మాట్లాడినాను. స్క్రూలు ఏరుకుంటూ విన్నాడు. మామను మేమిద్దరం అబ్బా అనే పిలిచేవాళ్ళం.

"అబ్బా యాభై ఏళ్ళు చేసినాడు ఈ పని."

"అబ్బా దగ్గుతోనే పోయినాడు తాహెర్."

"టీబీతో పోయినాడు. మూడు సార్లు కోర్సు వాడినాం. నువ్వే కదా మందులు తెచ్చేదానివి." డబ్బాలో స్క్రూలు వేస్తూ అన్నాడు: "జల్లించమని కూడా నువ్వే కదా అన్నావు."

దెప్పుతూ అనలేదు. గుర్తు చేసినట్టు అన్నాడు, గ్యాసు బుక్ చేసినావా అన్నంత మామూలుగా. ఇంట్లో మేము మాట్లాడుకునేది మా ఉర్దూలో. ఇక్కడ తెలుగులో రాస్తే కొంచెం తక్కువ గుచ్చుకుంటుంది. అందుకే డైరీ తెలుగులో రాస్తానేమో.

నువ్వు కూడా ఒక ఎక్స్‌రే తీయించుకో అన్నాను. "ముందు ఆమెది తేలనీ" అన్నాడు.

ఆగస్టు 9

చార్టు తీసేసినాను. అంచులు చిరిగిపోయినాయి, ఎలాగూ తీయాల్సిందే.

అది ఉన్నచోట గోడ తెల్లగా మిగిలింది. మిగతా గోడ కూడా తెలుపే అనుకుంటూ వచ్చినాను ఇన్నాళ్ళూ.

ఆగస్టు 14

చార్టు లేకపోయినా చేట ఆగలేదు. ఆమెకు చదువు రాదని మరిచిపోయినాను. ఏడేళ్ళుగా ఆ గోడ మీద నేను రాసింది ఎవరి కోసం?

నీళ్ళు చల్లి జల్లించమన్నాను. "ఇసకకు తానం పోపిస్తావా తల్లీ, సీర గూడ కడదామా" అని ఎగతాళి చేసింది. అయినా నా మాట కాదనలేక చల్లింది. తడిసిన ఇసుక ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆరలేదని తెలియక తాహెర్ గొట్టంలో పోస్తే అది గడ్డకట్టుకుపోయింది. మిల్లు వాళ్ళు పలక కోసం వచ్చి ఊరికే పోయినారు. మరుసటి రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పెరట్లో పొగలాగా లేస్తోంది. పడమటి గాలి బాగా ఉంది.

నేను లోపలికి పోయి కిటికీ మూసినాను. అది మాత్రం చేసినాను.

ఆగస్టు 21

కళ్ళె పరీక్ష రెండోసారి కూడా ఏమీ లేదనే వచ్చింది. ఒక్కోసారి అట్లాగే ఉంటుంది, మందులు ఆపొద్దన్నాడు డాక్టరు. బరువు రెండు కిలోలు తగ్గింది. పెరగాలి కదా.

మామకు కూడా మూడుసార్లూ ఏమీ లేదనే వచ్చింది.

సెప్టెంబర్ 4

అత్త వరండాలో వెల్లుల్లి ఒలుస్తోంది. పక్కన కూచుని నేనూ ఒక గడ్డ తీసుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు రెబ్బలు ఒలిచినాను.

"అమ్మీ, అబ్బాకు ఆ దగ్గు దేనివల్లనో ఎప్పుడైనా అన్నాడా?"

అత్త చేతులు ఆగలేదు. "అన్నాడు."

"ఏమని?"

"ఇసుక నా రొమ్ములో చేరింది వహీదా, గాలి పోయే చోటు లేదు అనేవాడు నాతో. పలుగురాళ్ళ మిల్లులో పనిచేసినోళ్ళు ఇట్లే పోయినారు, నేను చూసినా అనేవాడు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మీ? నేను మందులు తెస్తూనే ఉన్నాను కదా, టీబీ మందులు."

అప్పుడు చేతులు ఆపింది. నా మొహంలోకి కాకుండా నా చేతిలోని వెల్లుల్లి వైపు చూసింది.

"కోడలికి చెప్పొద్దన్నాడు బేటీ. జల్లించమన్నది ఆ పిల్లే కదా, మనసు పాడు చేసుకుంటుంది, చదువుకున్న పిల్ల అన్నాడు. మందులు తెస్తే వేసుకుంటా, దాని తృప్తి దానిది అన్నాడు."

మామ మూడు కోర్సులు నా కోసం మింగినాడు.

ఇక ఇది కూడా రాయాలి. ఆయన పోవడానికి ఎనిమిది నెలల ముందు, అనంతపురంలో లెక్చరర్ల శిక్షణ జరిగింది. మధ్యాహ్నం లైబ్రరీలో ఒక పాత పత్రిక తిరగేస్తున్నాను. రాళ్ళ పనివాళ్ళ ఊపిరితిత్తుల మీద ఒక వ్యాసం. ఒక ఎక్స్‌రే బొమ్మ. ఆ పేజీ తిప్పేసినాను. తిప్పడం బాగా గుర్తుంది, కాగితం చప్పుడుతో సహా. తిప్పేముందు ఎంత చదివినానో గుర్తులేదు. లేదా గుర్తులేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

సెప్టెంబర్ 5

ఒకే ఇంట్లో ముగ్గురం, మామ, అత్త, నేను. ఒకరి నుంచి ఒకరు దాచినాం, అందరం ప్రేమతోనే.

సెప్టెంబర్ 12

చెప్పేసినాను.

ఆమెను నెలవారీ పరీక్షకు తీసుకుపోయినాను. ఆమె కుర్చీలో కూచుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి గాలి పీల్చమన్నాడు. ఆమె పీల్చింది, సగంలో ఆగింది. నేను అన్నాను: "డాక్టరుగారూ, ఈమె పొలం పని చేయదు. మా ఇంటి వెనక షెడ్డులో పలుగు ఇసుక జల్లిస్తుంది. ఏడేళ్ళుగా. అది కొట్టిన ఇసుక, పొడి బాగా లేస్తుంది. మా మామగారు కూడా ఇట్లాగే పోయినారు."

ఆయన పెన్ను కింద పెట్టినాడు. "మొన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అని నన్నే అడిగినాడు. నేను ఏమన్నానో గుర్తులేదు. ఈసారి నిజంగానే గుర్తులేదు. కర్నూలుకు పోయి స్కాన్ తీయించమని రాసిచ్చినాడు.

ఉరుకుందక్కతో బయటికొచ్చినాను. బస్టాండు దగ్గర నిమ్మకాయ సోడా తాగుదామంటే వద్దనింది. చెట్టు కింద అరుగు మీద కూలబడి ఆయాసం తీర్చుకుని, అప్పుడు అనింది:

"ఆరు నెల్లకు మానిపోయే రోగముండె నాకు. దాన్ని నువ్వు తీసేసుకుంటివి కదమ్మా."

"అక్కా, అది టీబీ కాకపోతే ఆ మాత్రలు ఊరికే..."

"ఊరికే అయితే ఊరికే. నేను మింగుతాంటి. మానుతాదిలే అని మింగుతాంటి. నీకేమి నష్టమాయె?"

బస్సుల మధ్య ఆమె నన్ను వదిలి ముందు నడిచింది. మూడు చోట్ల ఆగింది. ఆమె ఆగినప్పుడల్లా నేనూ ఆగి, నడిచినప్పుడల్లా నడిచినాను. పక్కకు పోయే ధైర్యం రాలేదు.

సెప్టెంబర్ 13

ఆమె రాలేదు.

సెప్టెంబర్ 14

రాలేదు.

సెప్టెంబర్ 23

కర్నూలుకు మాదన్న, నేను తీసుకుపోయినాం. టీబీ కాదు. పలుగు దుమ్ము. ఊపిరితిత్తులు చాలామటుకు గట్టిపడినాయి. గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు. టీబీ మందులు ఆపేయమన్నారు. ఇక ఏ దుమ్ములోకీ పోకూడదన్నారు, పలుగు అయినా, మరొకటైనా.

మాదన్న నెమ్మదస్తుడు. అంతా విని, "అయితే మందు లేదంటాండారా సారూ?" అని ఒక్కమాట అడిగినాడు. ఆయాసం తగ్గడానికి ఇస్తామన్నారు. "తగ్గేదానికి కాదు, మానేదానికి" అన్నాడు. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, ఇరవై అయిదు కూడా ఉండవు. కంప్యూటర్ వైపు తిరిగింది.

తిరుగు బస్సులో ఉరుకుందక్క కిటికీ పక్కన కూచుని, గాలి కోసం మొహం బయటికి పెట్టింది.

సెప్టెంబర్ 25

తాహెర్ షెడ్డులో మిగిలిన ఇసుకంతా తడిపి సంచుల్లో కుట్టేసినాడు. మిల్లు వాళ్ళకు రెండు నెలలు పని చేయనని చెప్పినాడు. గార్నెట్ అనే ఎర్ర ఇసుకకు ఆర్డరు ఇచ్చినాడు, చేతులు మాత్రం లోపల పెట్టి కొట్టే అద్దాల పెట్టెకు కూడా. నేను ఏళ్ళ కిందట చెప్పి ఉండాల్సినవి, నాకేమీ చెప్పకుండా తనే కనుక్కుని చేసినాడు.

ఎక్స్‌రే కూడా తీయించుకున్నాడు. కవరు బీరువాలో పెట్టినాడు. నేను ఇంకా తెరవలేదు. తనూ తెరిచినట్టు లేదు.

అక్టోబర్ 6

రెండుసార్లు వాళ్ళ గుడిసెకు పోయినాను. ఒకసారి తలుపు వేసుంది. ఒకసారి ఆమె ఉంది, పడుకుంది. మనవరాలు అవ్వ నిద్రపోతాందని చెప్పింది. కళ్ళు మూసుకునే ఉంది గానీ, నిద్రపోయే మనిషి ఊపిరి అట్లా ఉండదు.

తెచ్చిన పళ్ళు గడప దగ్గర పెట్టి వచ్చినాను. దొంగలాగా.

అక్టోబర్ 29

ఎర్ర ఇసుక వచ్చింది. దీన్ని ఆరేడు సార్లు జల్లించి వాడుకోవచ్చు. పొడి తక్కువ. పలుగు దాదాపు లేదు. అద్దాల పెట్టెలో కొడితే బయటికి ఏమీ రాదు. అయితే జల్లించేది మాత్రం బయటే. ప్రస్తుతానికి తాహెర్ ముసుగు కట్టుకుని తనే జల్లిస్తున్నాడు. చేత కాదు. సగం కింద పోస్తాడు.

నవంబర్ 8

వీధి ఖాళీ అయింది. గుంటూరు దిక్కు మిరపకాయల పనికి లారీ ఎక్కినారు. మాదన్న, కొడుకు, కోడలు, పిల్లలు అందరూ పోయినారు. ఉరుకుందక్క ఒక్కతే మిగిలింది.

నవంబర్ 9

ఈ సాయంత్రం ఆమె వచ్చింది. రెండు నెలల తర్వాత. గేటు దాకా వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. నేను పరుగెత్తుకుని పోయి తీసినాను. అత్త కుర్చీ తెచ్చి వేసింది, "కూచో ఉరుకుందా" అని ఎదురుగా తనూ కూచుంది. ఒకరి మోకాలు మీద ఒకరి చేయి ఉంది.

"మేస్త్రీ నన్నొద్దనె" అనింది నాతో. "లారీ ఎక్కేటప్పుడే ఎగ పోసుకుంటాంటే, సేన్లో ఏం సేస్తావవ్వా అనె. నన్ను అవ్వా అనె సూడు, నాకన్నా పెద్దోడు."

అత్త నవ్వింది. ఆమె కూడా.

"ఎర్ర ఇసక తెచ్చినారంట కదా. దాంట్ల ఆ ఇసం లేదంట కదా. తాహెరన్న కింద పోస్తాండాడంట. నేను జల్లిస్తా."

"వద్దక్కా. ఏ దుమ్మూ వద్దన్నారు కదా కర్నూల్లో, నువ్వూ విన్నావు. నువ్వు ఊరికే ఉండు, మేము చూసుకుంటాం. ప్రతి పూటా..."

"ఊరికే కూకున్నోళ్ళకు పెట్టేదాన్ని ఏమంటారమ్మా?"

"పోనీ ఇంట్లో పని చెయ్యి. అమ్మీకి తోడుగా ఉండు."

"వహీదమ్మకు నేను తోడా! ఆయమ్మే నాకు కుర్చీ ఏసె." దగ్గు వచ్చింది. చాలాసేపు పట్టింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "నా సేతికొచ్చిన పని ఇదొకటే. ఏడేండ్లు సేసినా. నేను జల్లించిన ఇసక గొట్టంలో ఒక్కనాడన్నా గడ్డ కట్టిందా, తాహెరన్నను పిలిచి అడుగు. ఇంట్లో ఒక్కదాన్నే పండుకుంటే నా ఊపిరి సప్పుడు నేనే ఇనాల. అది ఎట్లుంటాదో నీకు తెల్దు."

"ఇంకా చెడిపోతుందక్కా. తెలిసి తెలిసి నేనెట్లా..."

"ఆ పొద్దు డాక్టరు కాడ నన్నడక్కుండా సెప్తివి" అనింది. కోపం లేదు. అలిసిపోయి ఉంది. "ఈసారన్నా నన్నడిగి సెయ్యి. నేనిప్పుడు అంతా తెలిసే అడుగుతాండా. తెలీకుండా కాదు."

రేపు పొద్దున వస్తానని చెప్పి పోయింది. గేటు నుంచి వీధి మలుపు దాకా నాలుగు చోట్ల ఆగింది.

తాహెర్‌ను అడిగితే, "నీ ఇష్టం" అన్నాడు. అత్తను అడిగితే, "ఆమె ఇష్టం" అనింది.

నవంబర్ 10

పొద్దున ఏడు దాటింది. ఆదివారం, కాలేజీ లేదు.

వద్దంటే ఆమెకు కొన్ని నెలలు ఎక్కువ మిగలొచ్చు. ఆ నెలల్ని ఆ గుడిసెలో ఒక్కతే ఏం చేసుకోవాలో మాత్రం నేను చెప్పలేను. సరే అంటే, జల్లెడ నేనే అందించాలి, ఈసారి పూర్తిగా తెలిసి. ముసుగు ఇస్తాను, నీళ్ళు చల్లుతాను, చేట ముట్టనివ్వను, రోజుకు ఒక్క గంటే అంటాను. ఇవన్నీ రాస్తుంటే ఇంకో చార్టు రాస్తున్నట్టుంది.

ఆమె మీది గౌరవంతో సరే అనాలనిపిస్తోందా, నామీద ఆమెకున్న కోపం పోతుందనా? ఆమె మీది జాలితో వద్దనాలనిపిస్తోందా, ఇంకో చావు నా పెరట్లో వద్దనా? డాక్టరు దగ్గర ఆ రోజు నోరు తెరిచింది ఆమె కోసమా, నా కోసమా అన్నదే నాకింకా తేలలేదు. ఇది మాత్రం ఎట్లా తేలుతుంది?

గేటు చప్పుడవుతోంది. కమ్మీ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంటోంది. పోయి తీయాలి. తీసి ఏం చెప్పాలో నాకు తెలియదు.